అరకు కాఫీ: పులుపు పోకుండా డికాక్షన్ తీయడం

"వదినా, అరకు నుంచి తెచ్చిన కాఫీ పొడి పుల్లగా ఉంది. పాడైపోయిందంటావా?" అని మా మరదలు ఫోన్ చేసింది. పాడవలేదమ్మా, ఆ పులుపే అరకు అన్నాను. ఇదే మాట ఇంకా చాలామంది అడిగారు కాబట్టి, ఆ పొడిని ఎలా కొనాలో, ఎలా దింపాలో, నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

హుకుంపేట మండలంలో ఆరేళ్లు టీచరుగా పనిచేశాను. మేం అద్దెకున్న ఇంటివాళ్లకు ఎకరంన్నర కాఫీ తోట ఉండేది. ఆ ఇంటావిడను అప్ప అనేదాన్ని. నవంబరు నుంచి జనవరి దాకా ఆదివారాలు ఆవిడ వెంట తోటకు వెళ్లేదాన్ని. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ల నుంచి పైకి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. సముద్రమట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తు, రాత్రుళ్లు ఎముకలు కొరికే చలి. నీడా చలీ కలిసి కాయను తొందరపడి పండనివ్వవు. అలా నిదానంగా పండిన కాయలోనే తీపీ పులుపూ రెండూ దిగుతాయి.

అప్ప చేతిలో పచ్చికాయ పడేది కాదు. ఒకే గుత్తిలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసే ఉంటాయి. ఎర్రవి మాత్రం తుంచుకుని, మిగతావాటికి మళ్లీ పది రోజులకు వచ్చేది. గుత్తిని ఒక్క లాగుతో దూసేస్తే పని తొందరగా అవుతుంది కానీ, పచ్చికాయలు కలిసిన కాఫీ పచ్చిగడ్డి వాసన వేస్తుంది, నాలుక మీద వగరు నిలిచిపోతుంది. కోసిన పండ్లను నీళ్లలో పోస్తే తాలువి పైకి తేలతాయి, వాటిని తీసేస్తారు. అదే రోజు తొక్క ఒలిచి, గింజ మీది జిగురు వదిలేదాకా నానబెట్టి, కడిగి, నేలకు ఎత్తుగా కట్టిన వలల మీద ఆరబోస్తారు. మట్టి నేల మీద ఆరబోస్తే ఆ మట్టి వాసన గింజకు పట్టేస్తుంది. నానబెట్టడంలో గంటలు మీరితే గింజ పులిసిపోతుంది.

పులుపు వేరు, పులిసిపోవడం వేరు. నిమ్మకాయ పులుపు నోరూరిస్తుంది. పులిసిన పిండి వాసన ముఖం తిప్పుకునేలా చేస్తుంది. అరకు కాఫీలో ఉండాల్సింది మొదటిది. పంపర పనస తొన నమిలినప్పటి పులుపు, చివర్న చిన్న చేదు, మింగాక బెల్లం లాంటి తీపి. మీ కప్పులో కల్లు వాసనో, పాత సంచి వాసనో వస్తే ఆ పొడిని నిస్సంకోచంగా వెనక్కివ్వండి.

ఇక కొనడం. అరకు అనగానే ఒక్క అరకులోయ ఊరే అనుకోవద్దు. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, అనంతగిరి కొండల్లో పండేదీ ఆ పేరుతోనే వస్తుంది. మన కొండల్లో కాఫీ 1898లో పాములేరు లోయలో మొదలైందంటారు. ఆ తర్వాత చాలాకాలానికి, అడవి నరికి కాల్చి చేసే పోడు సాగుకు బదులుగా గిరిజన కుటుంబాలకు మొక్కలిచ్చి పెంచమన్నారు. ఇప్పటికీ తోటలన్నీ దాదాపు ఇలాంటి చిన్న కమతాలే. 2019లో ఇక్కడి అరబికా రకం కాఫీకి 'అరకు వ్యాలీ అరబికా' పేరుతో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ప్యాకెట్ మీద 'అరబికా' అని ఉందో లేదో చూడండి. తర్వాత చికోరీ, అంటే కాఫీలో కలిపే ఒక వేరు పొడి, ఎంత శాతం ఉందో చూడండి. మన దేశంలో చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలు, అంటే మిగతా 49 చికోరీ అయినా కావచ్చు. చికోరీ అలవాటైన ఇంట్లో పుట్టినదాన్నే, దాని మీద నాకు కోపం లేదు. కానీ దాని చేదు పులుపును మింగేస్తుంది, అరకు డబ్బు పెట్టి కొని అరకు రుచి పోగొట్టుకున్నట్టే. బాగా నల్లగా మాడ్చిన వేపుడు కూడా అంతే. చెక్క రంగులో, నూనె తేలకుండా ఉన్న మధ్యరకం వేపుడు అడగండి. వేయించిన తేదీ నెల లోపుదై ఉండాలి. వీలైతే గింజలే కొని, వాడే ముందు ఆడించుకోండి.

మామూలు ఇత్తడి లేదా స్టీలు ఫిల్టరే చాలు. 25 గ్రాముల పొడికి 200 మిల్లీలీటర్ల నీళ్లు నా లెక్క. పొడి సన్న రవ్వలా ఉండాలి. పై గిన్నెలో వేసి, ఫిల్టరుతో వచ్చే చిల్లుల పళ్లెంతో నొక్కీ నొక్కనట్టు సర్దండి. గట్టిగా అదిమితే నీళ్లు దిగవు. నీళ్లు తెర్లాక పొయ్యి ఆపి అర నిమిషం ఆగండి. ముందు పొడి తడిసేంత మాత్రం పోయండి, పొడి ఉబ్బుతుంది, అప్పుడు వచ్చే వాసన కోసమే నేను ఈ పని వేరేవాళ్లకు వదలను. అర నిమిషం తర్వాత మిగతా నీళ్లు పోసి మూత పెట్టండి. పావుగంటలో దిగాలి. అంతకన్నా బాగా తొందరగా దిగి, పులుపు గుచ్చుతున్నట్టుంటే పొడి బరకగా ఉంది, ఇంకాస్త సన్నగా ఆడించండి. అరగంటైనా దిగక చేదెక్కితే మరీ మెత్తగా ఉంది.

చికోరీ డికాక్షన్ అంత చిక్కగా ఇది ఉండదు. చిక్కదనం కావాలంటే పొడి ఇంకో చెంచా పెంచండి, డికాక్షన్ మాత్రం మరిగించకండి.

పాలు కలిపే ముందు రెండు చెంచాల డికాక్షన్ చిన్న గ్లాసులో తీసి, అంతే వేడినీళ్లు కలిపి, పంచదార లేకుండా తాగి చూడండి. వేడి మీద ఒక గుక్క, గోరువెచ్చగా అయ్యాక ఇంకో గుక్క. పంపర పనస రెండో గుక్కలోనే దొరుకుతుంది. మా మరదలికి ఇదే చెప్పాను. తర్వాత పాలు ఎప్పటికన్నా తక్కువ పోసుకుంది, పంచదార అర చెంచాకు దింపింది.

మిగిలిన పొడిని గాలి దూరని డబ్బాలో, పొయ్యికి దూరంగా, ఫ్రిజ్ బయటే ఉంచండి. ఆడించిన పొడైతే పదిహేను రోజుల్లో వాడేయండి, అందుకే ఒకేసారి పావుకిలోకు మించి కొనొద్దు.