బ్యాకప్ అయిందని డెస్క్‌టాపే చెప్పేలా

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో లెక్కలు చూస్తుంటాను. ఉబుంటు లినక్స్‌లో బ్యాకప్ తీసే పైథాన్ స్క్రిప్ట్ ఉంది గానీ, పని అయిందో లేదో తెలిసేది కాదు. సీజన్లో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు పోతే ఇంకేమైనా ఉందా!

లినక్స్‌లో ప్రోగ్రామ్‌లు కబుర్లు పంపుకునేది డీబస్ మీద. నేరుగా వాడితే తలనొప్పి. పైడీబస్ అనే పైథాన్ లైబ్రరీతో అయితే నాలుగు లైన్లే: సెషన్ బస్ (మనం లాగిన్ అయిన డెస్క్‌టాప్‌కు చెందిన డీబస్) తెరిచి, తెర మీద మెసేజ్‌లు చూపించే నోటిఫికేషన్స్ ఆబ్జెక్టును తీసుకుని, నోటిఫై అని మామూలు ఫంక్షన్‌లా పిలవడమే. రెండో విలువగా 0 ఇస్తే కొత్త మెసేజ్ వస్తుంది. అది తిరిగిచ్చిన నంబరును తర్వాతి పిలుపులో అక్కడే పెడితే పాత మెసేజే మారుతుంది. ‘సగం అయింది’ పోయి ‘అయిపోయింది’ వస్తుంది, తెర నిండా గోల ఉండదు.

స్క్రిప్ట్‌ను టైముకు దానంతటదే నడిపే క్రాన్‌లో పెడితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. నాకు ఒక పూటంతా దీనికే పోయింది. క్రాన్‌కు మన సెషన్ బస్ అడ్రస్ తెలియదు, అది ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (DBUS_SESSION_BUS_ADDRESS) మనమే ఇవ్వాలి. లాగిన్ అయి ఉన్నప్పుడు టెర్మినల్లో దాని విలువ చూసి, క్రాన్ పనుల జాబితా ఉండే క్రాన్‌టాబ్ ఫైల్లో పైన రాసుకుంటే చాలు.

పైడీబస్ చివరి వెర్షన్ 2016 నాటిది. నా పనికి ఇప్పటికీ సరిపోతోంది.