రుషికొండలో సర్ఫింగ్ ఫొటోలు తీయడం మొదలుపెడుతున్నారా, వెళ్ళే ముందు ఇది చదవండి

జూన్ దగ్గర పడుతోంది, నైరుతి గాలులు మొదలైతే వైజాగ్ తీరంలో కెరటాలు బాగా లేస్తాయి, రుషికొండలో బోర్డులు పట్టుకుని దిగేవాళ్ళు కనిపిస్తారు, కొత్తగా టెలీ లెన్స్ (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించేది) కొన్నవాళ్ళు కూడా అటే బయల్దేరతారు. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. కాకపోతే ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టాక మీకు సముద్రం కనపడదు. 400 ఎంఎం లెన్స్‌లో సర్ఫర్ ఒక్కడే కనిపిస్తాడు, మీ కాళ్ళ మీదకి వస్తున్న కెరటం కనపడదు.

అందుకే ఒంటరిగా వెళ్ళొద్దు. ఒకరిని తోడు తీసుకెళ్ళి, నీ పని నీళ్ళు చూడటమే అని ముందే చెప్పండి, వాళ్ళు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే మాత్రం తోడు ఉన్నా లేనట్టే. వాళ్ళు వెనక్కి రా అంటే ఫ్రేమ్‌లో ఎంత మంచి షాట్ ఉన్నా సరే, వచ్చేయాలి.

ఎక్కువ ప్రమాదం రాళ్ళ మీద. కెరటాలన్నీ ఒకే సైజులో రావు కదా, కాసేపు చిన్నవి వచ్చి తర్వాత నాలుగైదు పెద్దవి వరసగా వస్తాయి, సర్ఫర్లు దాన్ని సెట్ అంటారు. ఈ సీజన్లో వచ్చే పెద్ద కెరటాల్లో కొన్ని ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫాన్లలో పుట్టి వచ్చినవి, ఇక్కడ గాలీ వానా ఏమీ లేకుండా ఎండ కాస్తున్నప్పుడు కూడా వచ్చేస్తాయి. రెండు సెట్ల మధ్య ఒక్కోసారి చాలా గ్యాప్ ఉంటుంది, ఆ గ్యాప్‌లో సముద్రం నెమ్మదిగా ఉంది అనుకుని జనం రాయి చివరికి వెళ్ళిపోతారు. కెమెరా బయటికి తీయకముందు కనీసం ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. రాయి ఎక్కడిదాకా తడిసిందో చూడండి, నాచు పట్టిందంటే అక్కడిదాకా నీళ్ళు మామూలుగానే వస్తున్నట్టు, కాలు జారడానికి కూడా అదే చాలు. నన్నడిగితే మొదటి సీజన్ మొత్తం ఇసక మీద నుంచే తీయండి, రాళ్ళ జోలికి వెళ్ళకండి.

బయల్దేరే ముందు రోజు హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ ఫోర్‌కాస్ట్ చూడండి, కెరటాల ఎత్తు, పీరియడ్ (ఒక కెరటానికీ తర్వాతదానికీ మధ్య సమయం) రెండూ ఇస్తారు. హై వేవ్ అలర్ట్ ఉంటే ఆరోజు మానేయండి. పిడుగులకి దామిని యాప్ పెట్టుకోండి, ఖాళీ బీచ్‌లో ట్రైపాడ్ పక్కన నిలబడ్డవాళ్ళకి ఉరుము వినపడిందంటే సర్దుకుని వెళ్ళిపోవాల్సిందే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ, బ్యాగ్ బాగా పైన పెట్టండి. ఇవన్నీ చూశాక కూడా గట్టు మీద వల బాగుచేసుకుంటున్న మత్స్యకారులు ఎవరైనా ఉంటే "బాబాయ్, ఈరోజు సముద్రం ఎలా ఉంది" అని అడగండి, ఆ చోటు గురించి వాళ్ళకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలీదు.

మోకాళ్ళ లోతులోకి దిగితే యాంగిల్ బాగుంటుంది, నిజమే, కానీ రుషికొండలో, ఆర్కే బీచ్‌లో రిప్ కరెంట్లు, అంటే ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు, ఉంటాయి. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ మధ్యలో ఒక పాయ మాత్రం నురగ లేకుండా, ఇసక కలిసిన రంగులో కనిపిస్తుంటే అదే రిప్, చూడ్డానికి అదే సేఫ్‌గా అనిపిస్తుంది. అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకూడదు, తేలుతూ ఉండి చెయ్యి ఊపాలి, ఓపిక ఉంటే ఒడ్డుకి పక్కగా ఈది బయటపడాలి. కెమెరా వదిలేయండి. కెమెరాకి హౌసింగ్ (నీళ్ళు చొరబడని పెట్టె) వేసుకుని నీళ్ళలోంచి తీయడం బాగా ఈత వచ్చి, కాళ్ళకి ఈత ఫిన్స్ తొడుక్కుని ఈదడం అలవాటైనవాళ్ళ పని, పైగా లోతు తక్కువ చోట సర్ఫర్ పడిపోతే బోర్డు ఎటు ఎగురుతుందో చెప్పలేం, బోర్డు అడుగున రెక్కల్లా ఉండే ఫిన్లు కోసేస్తాయి.

వెలుగు సంగతి. మన తీరం ఆగ్నేయం వైపు తిరిగి ఉంది, జూన్‌లో సూర్యుడు సరిగ్గా ఎదురుగా కాకుండా ఎడమ పక్కన, భీమిలి వైపు లేస్తాడు. అంటే సర్ఫర్లకి ఎడమ వైపు నిలబడి కుడికి తిరిగి తీస్తే ఎండ మీ వీపు మీద పడుతుంది, సర్ఫర్ మొహం కనిపిస్తుంది, కెరటం విరిగే చోట నీటి చుక్కలు విడివిడిగా మెరుస్తాయి. డీఎస్ఎల్ఆర్ అయితే టెలీ లెన్స్‌తో సూర్యుడి వైపు అస్సలు చూడొద్దు, కన్ను పోతుంది. మిర్రర్‌లెస్‌కి సెన్సర్ పోతుంది, క్యాప్ లేకుండా ఎండకేసి పెట్టి వదిలేయకండి.

సెట్టింగ్స్ పెద్ద కథేం కాదు, షట్టర్ 1/1600, అపెర్చర్ 5.6 నుంచి 8, ఆటో ఐఎస్ఓ, కంటిన్యువస్ ఫోకస్, బర్స్ట్ (నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు తీసే మోడ్). నురగ వివరాలేమీ లేకుండా ఒట్టి తెల్లగా అయిపోతోందా అని హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో కెమెరా చూపించే గ్రాఫ్) చూస్తూ ఉండండి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించాల్సి రావచ్చు.

బీచ్‌లో లెన్స్ మాత్రం మార్చకండి, గాలిలో ఉప్పు తుంపర, ఇసక రెండూ ఉంటాయి. ఏసీ రూమ్‌లోంచి నేరుగా తెచ్చిన కెమెరాకి లోపల చెమ్మ పడుతుంది, బ్యాగ్‌లోనే అరగంట ఉంచి తీయండి. ఇంటికెళ్ళాక ముందు బ్లోయర్‌తో ఇసక ఊదేసి, మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ, లెన్స్ బయట తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడవాలి, ఇసక ఊదకుండా రుద్దితే గ్లాస్ మీద గీతలు పడతాయి. ట్రైపాడ్ కాళ్ళు విప్పి కడగండి. వైజాగ్ ఉక్కకి లెన్స్‌లో ఫంగస్ త్వరగా పడుతుంది, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి.

డ్రోన్ ఎగరేద్దామనుకునేవాళ్ళు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్) చూడకుండా తీయొద్దు, ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, ఊళ్ళో ఉన్న ఎయిర్‌పోర్ట్ కూడా నేవీదే. సర్ఫర్లని కూడా ఫొటో తీయొచ్చా అని నీళ్ళలోకి దిగకముందే అడగండి, ముఖ్యంగా పిల్లలు, ఆడవాళ్ళు ఉన్నప్పుడు, ఎవరైనా వద్దంటే వాళ్ళు నీళ్ళలో ఉన్నంతసేపు లెన్స్ అటు తిప్పకండి.