గీజర్ ఆపితే చన్నీళ్లు

సెలవుకి సోంపేట వచ్చాను. వచ్చే నెల ఖతార్ వెళ్తున్న మా పిన్ని కొడుకు నిన్న నూతి దగ్గర తోడుకుని పోసుకుంటూ అడిగాడు: "అన్నయ్యా, అక్కడ ఎండలు తట్టుకోగలనా?"

పని సంగతి సరే. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ రూలుంది. నన్ను ఏడిపించింది స్నానం. మొదటి జూలైలో డ్యూటీ దిగొచ్చి చన్నీళ్ల కుళాయి తిప్పితే వీపు చుర్రుమంది. ట్యాంకు డాబా మీద, ఎండలో. రాత్రి 10 అయినా నీళ్లు చల్లారవు. బకెట్ నింపి, తువ్వాలు భుజాన వేసుకుని కాపలా కూర్చునేవాణ్ణి. ఉద్దానం కొబ్బరి నీడలో పెరిగినవాడికి ఏం ఖర్మ!

చివరికి మా మలయాళీ రూమ్మేట్ గీజర్ స్విచ్ ఆపేయమన్నాడు. నవ్వాను. తీరా చూస్తే నిజమే. గీజర్ లోపల, ఏసీ చల్లదనంలో ఉంటుంది కదా, అందులో రాత్రంతా నిలిచిన నీళ్లు చల్లబడతాయి. అప్పుడు ఎర్ర గుర్తు కుళాయిలో చన్నీళ్లు, నీలం గుర్తు దాంట్లో వేణ్ణీళ్లు. చిక్కల్లా ఒకటే, ఒకరిద్దరు పోసుకోగానే ట్యాంకు నీళ్లు మళ్లీ దాంట్లోకి దిగిపోతాయి. అందుకే గదిలో ఆరుగురం వంతులు వేసుకున్నాం.

చలికాలంలో స్విచ్ మళ్లీ వేయడం మరిచిపోయింది మాత్రం నేనే.