సొల్యూషన్ పెట్టిన పీవీసీ ఫిట్టింగులు మళ్లీ వాడాలంటే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

డ్రిప్ హెడ్ యూనిట్ (ఫిల్టరు, వాల్వులు బిగించిన చోటు) జరపాలన్నా, మిద్దె మీద ట్యాంకు మార్చాలన్నా మొదట చేతికొచ్చేది యాక్సా బ్లేడు. ఎక్కడ వీలైతే అక్కడ కోసేస్తారు, బాగున్న బాల్ వాల్వు కూడా ఆ ముక్కలతో పాటే చెత్తలోకి పోతుంది. సొల్యూషన్ పెట్టి అతికించింది ఇంక ఊడదంటారు. ఊడదన్న మాట నిజమే, కానీ లోపల ఇరుక్కున్న పైపు ముక్కను ఒలిచి తీయొచ్చు. కోసే చోటు ముందే చూసుకుంటే ఒలిచే పని కూడా ఉండదు.

అయితే అన్నిటికీ ఈ శ్రమ పడొద్దు. చిన్న సైజు ఎల్బో, కప్లింగు, ఎండ్ క్యాపు లాంటివి ఒలవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట కూలికి అలాంటివి కొత్తవే నాలుగైదు వస్తాయి. కష్టపడి కాపాడుకోవాల్సినవి వేరే ఉన్నాయి: 63 ఎంఎం, 75 ఎంఎం, 90 ఎంఎం బాల్ వాల్వులు, ఎన్‌ఆర్‌వీలు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వులు), యూనియన్లు (నట్టు విప్పి విడదీసే జాయింట్లు), ఫిల్టరు దగ్గరి అడాప్టర్లు, వెంచురీకి (డ్రిప్‌లో ఎరువు కలిపే పరికరం) బిగించిన టీలు, ఇత్తడి మర ఉన్న సీపీవీసీ (వేడినీటిని తట్టుకునే రకం పీవీసీ) ఎల్బోలు. పొద్దుపోయాక పైపు పగిలి, తెల్లారేలోపు మడికి నీళ్లు పారాల్సి ఉండి, ఊళ్లో కొట్టు మూసి ఉంటే మాత్రం చిన్న ఎల్బోను ఒలవడం కూడా పనికొచ్చే పనే.

పనిలో దిగే ముందు ఒక విషయం తెలియాలి. సొల్యూషన్ అనేది మామూలు జిగురు కాదు. టెట్రాహైడ్రోఫ్యూరాన్, మిథైల్ ఇథైల్ కీటోన్ లాంటి ద్రావకాల్లో పీవీసీని కరిగించి దాన్ని తయారుచేస్తారు. రాయగానే పైపు పైపొర, సాకెట్ (ఫిట్టింగులో పైపు దూరే భాగం) లోపొర మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ద్రావకం ఆవిరయ్యాక రెండూ కలిసి ఒకే గోడ అవుతాయి. అందుకే థిన్నరు, అసిటోను పోసి జాయింటు విప్పుదామంటే కుదరదు. అవి పైపును ఎంత మెత్తబరుస్తాయో ఫిట్టింగునూ అంతే పాడుచేస్తాయి.

సమస్య: ఫిట్టింగు మూతి దాకా పైపు కోసేశారు, కొత్త పైపు దూరే చోటు లేదు

కారణం చెప్పక్కర్లేదు, సాకెట్ నిండా పాత పైపు ముక్క ఉంది. దాన్ని తీయడానికి రెండు పద్ధతులున్నాయి. వాల్వులకు మొదటిది, ఎల్బోలు, టీలకు రెండోది వాడండి.

మొదటిది గాటు పద్ధతి. కోసిన పైపు ముక్కలో గోడ మందం ఎంతుందో ముందు చూడండి. యాక్సా బ్లేడును ఫ్రేము నుంచి విప్పి, ఒక కొసకు గుడ్డ చుట్టి, పళ్లు మీ వైపు ఉండేలా పట్టుకోండి. బ్లేడు లాగేటప్పుడే కోయాలి, తోసేటప్పుడు కాదు. పైపు ముక్క లోపలి నుంచి, నిలువునా, 15 నుంచి 20 ఎంఎం ఎడంతో రెండు గాట్లు పెట్టండి. గోడ మందంలో మూడొంతులు తెగితే చాలు, మిగిలిన వంతు ఉలి దెబ్బకు చీలుతుంది. పూర్తిగా తెగేదాకా కోస్తే బ్లేడు సాకెట్ గోడలో దిగుతుంది, ఆ గీతే రేపు నీళ్లు కారే దారి.

ఆ తర్వాత సన్నటి ఉలిని గానీ పాత స్క్రూ డ్రైవరును గానీ పైపుకూ సాకెట్‌కూ మధ్య సందులో, గాటుకు పక్కనే ఆనించి చిన్న సుత్తితో తట్టండి. ఉలి ఏటవాలు వైపు సాకెట్ గోడకు కాకుండా పైపు వైపు ఉండాలి. మొదటి పేడు రావడమే కష్టం. అది ఊడిందంటే మిగతా చుట్టుకు పట్టు తగ్గుతుంది, లోపలికి మడిచి లాగితే వచ్చేస్తుంది. 63 ఎంఎం, ఆ పైసైజుల్లో రెండు గాట్లు చాలవు, నాలుగు పెట్టాలి.

వాల్వు అయితే ఈ పని మొదలుపెట్టే ముందే పూర్తిగా తెరిచి, ముక్క దాటాక రంధ్రంలో గుడ్డ కుక్కండి. పొట్టు వాల్వు లోపల తిరిగే బాల్ మీద పడితే గీతలు పడతాయి. అప్పుడు జాయింటు ఎంత బాగా అతికినా వాల్వు మూశాక సన్నగా కారుతూనే ఉంటుంది.

రెండోది వేడి పద్ధతి. పీవీసీ సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. పైపు గోడ పలుచన, ఫిట్టింగు గోడ మందం. లోపలి నుంచి వేడి పెడితే పైపే ముందు మెత్తబడుతుంది, ఈ తేడాయే మనకు ఆధారం. ఫిట్టింగు బయట తడిగుడ్డ చుట్టండి. హీట్ గన్ మూతిని పైపు ముక్క లోపలికి చూపిస్తూ, ఒక్క చోట ఆపకుండా గుండ్రంగా తిప్పండి. అరనిమిషం నుంచి నిమిషం మధ్యలో స్క్రూ డ్రైవరుతో నొక్కి చూడండి. సబ్బు మీద నొక్కినట్టు గుంట పడితే చాలు. అంచును లోపలికి మడిచి, నోస్ ప్లేయరుతో పట్టి, చుట్ట చుట్టినట్టు తిప్పుతూ లాగండి. మెత్తబడిన స్థితిలో పాత అతుకు పొర పొరగా విడిపోతుంది. ఆగి ఆగి లాగితే చల్లారి తెగిపోతుంది, ఒక ఊపులో తీయాలి.

ముక్క రాగానే అదే సైజు కొత్త పైపు ముక్కను సొల్యూషన్ లేకుండా చేత్తో దూరినంత వరకే దూర్చి, ఫిట్టింగు చల్లారేదాకా అలాగే వదిలేయండి. సాకెట్ గుండ్రం చెడకుండా ఉంటుంది.

గ్యాస్ పొయ్యి, తాటాకు మంట, కిరోసిన్ గుడ్డ పనికిరావు. మంటలో వేడి ఎంతన్నది చేతిలో ఉండదు. పీవీసీ మాడితే వచ్చే ఘాటైన పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, అది కళ్లనూ గొంతునూ మండిస్తుంది. ఆ వాసన రాగానే హీట్ గన్ ఆపేయాలి. సొల్యూషన్ డబ్బా దగ్గర్లో అసలే ఉండకూడదు, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. నిన్నో మొన్నో అతికించిన జాయింటుకూ వేడి పెట్టొద్దు, లోపల ద్రావకం ఇంకా మిగిలి ఉంటుంది.

సమస్య: ఒలిచాక కొత్త పైపు సగం కూడా దిగడం లేదు

సాకెట్ లోపల పాత పైపు పొర ఎక్కడో మిగిలింది, లేదా పాత సొల్యూషన్ లోపలి చివర గట్టులా పేరుకుంది. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. పాత బ్లేడు ముక్కతో అడ్డంగా, అంటే సాకెట్ చుట్టూ గీకండి. తర్వాత ఉప్పుకాగితం వేలికి చుట్టి అలాగే గుండ్రంగా రుద్దండి. నునుపుగా, సమంగా మిగిలిన పలుచని పాత సొల్యూషన్ పొరతో ఇబ్బంది లేదు. అదీ పీవీసీయే, కొత్త సొల్యూషన్ తగలగానే మళ్లీ మెత్తబడుతుంది. గడ్డలు మాత్రం ఉండకూడదు.

సాకెట్ మూతి దగ్గర కాస్త వెడల్పుగా, లోపలికి పోనుపోను బిగువుగా ఉంటుంది. అందుకే సొల్యూషన్ లేకుండా తోసినప్పుడు పైపు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల లోతు దాకా దిగి ఆగాలి. అంతకన్నా తక్కువ దిగితే ఇంకా గీకాలి. అడుగుదాకా జారిపోతే కింది సమస్య చూడండి.

సమస్య: పైపు వదులుగా ఉంది, ఆడుతోంది

రెండు కారణాలు. ఒకటి, ఎక్కువ గీకారు, లేదా వేడికి సాకెట్ సాగింది. అప్పుడు ఆ ఫిట్టింగును వదిలేయండి. సొల్యూషన్ సందులు పూడ్చదు, ఆరే కొద్దీ కుంచించుకుపోతుంది. దారం చుట్టి, ప్లాస్టిక్ పేడు దోపి అతికిస్తే మోటారు వేసిన మొదటిరోజే ఊడుతుంది.

రెండోది సైజు తేడా. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మన దగ్గర ఇంచు పైపు అంటే మూడు రకాలున్నాయి. వ్యవసాయ పైపులు బయటి కొలతతో నడుస్తాయి, 32 ఎంఎం అంటే బయట సరిగ్గా 32. ఇంటి ప్లంబింగ్‌లో వాడే షెడ్యూల్ 40 యూపీవీసీ ఇంచు పైపు బయటి కొలత 33.4 ఎంఎం. ఇంచు సీపీవీసీ అయితే 28.6. రెండించుల దగ్గరా ఇంతే, పొలం పైపు 63, ప్లంబింగ్ పైపు 60.3. ఇంటి మీంచి దింపిన ఇంచు వాల్వు సాకెట్‌లో పొలం పైపు ఒకటిన్నర ఎంఎం దాకా ఆడుతుంది. దాన్ని ఏ సొల్యూషనూ పట్టి ఉంచలేదు.

పైపు మీది అచ్చు చదవండి. ఐఎస్ 4985 అంటే పొలం లైన్ల రకం, ఏఎస్‌టీఎం డీ 1785 అంటే ప్లంబింగ్ యూపీవీసీ, ఐఎస్ 15778 అంటే సీపీవీసీ. రకం మారితే మధ్యలో మర అడాప్టర్లు పెట్టి కలపాలి, నేరుగా అతికించకూడదు.

సమస్య: నీళ్లు వదలగానే ఒక్క చోటే చుక్క కారుతోంది

ఒకే చోట కారితే సాకెట్‌లో నిలువు గీత ఉన్నట్టే. బ్లేడు తగిలినదో, ఉలి జారినదో అయ్యుంటుంది. ఒలిచిన ప్రతి ఫిట్టింగునూ అతికించే ముందే దీనికోసం చూడాలి. సాకెట్ లోపల గోరును చుట్టూ తిప్పండి. గోరు ఎక్కడైనా ఠక్కున ఆగితే అక్కడ నిలువు గీత ఉంది. ఇప్పుడు గోరును లోపలి నుంచి బయటికి లాగండి. ఇలా లాగేటప్పుడు తగిలేవి అడ్డగీతలు, చుట్టూ తిరిగే సన్న గీతలు. అడ్డగీతల్లో సొల్యూషన్ నిండి కూర్చుంటుంది, అవి పర్వాలేదు. నిలువు గీత మాత్రం లోపలి నుంచి బయటిదాకా కాలువలా ఉంటుంది. చుట్టూ తిప్పినప్పుడు గోరు ఆగిందంటే ఆ ఫిట్టింగును ప్రెషర్ లైనులో వాడొద్దు. వంటగది నుంచి బయటికి పోయే వాడుక నీటి పైపుకు పనికొస్తుందేమో చూడండి.

కారుతున్న జాయింటు పైన సొల్యూషన్ పూయడం వృథా. తడి మీద అది పట్టదు, లోపలి ఒత్తిడి దాన్ని తోసేస్తుంది. ఎపాక్సీ ముద్ద పెడితే ఆ రోజుకు గడుస్తుంది. కోసి మళ్లీ వేయడమే దారి.

చుట్టూ చెమటలా ఊరుతుంటే కారణం వేరు. పైపు తడిగా ఉండగా అతికించారు, లేదా ఆరకముందే మోటారు వేశారు. లైనులో నీళ్లు చుక్కచుక్కగా వస్తూనే ఉంటే పైపులోపల గుడ్డ గానీ, అన్నం ముద్ద గానీ కుక్కి ఆపండి. అన్నం ముద్ద తర్వాత నీటి వేగానికి కరిగి పోతుంది, కాకపోతే చివర ఎండ్ క్యాపు తీసి వదలాలి, లేదంటే డ్రిప్పర్లలో ఇరుక్కుంటుంది.

మళ్లీ వాడిన ఫిట్టింగుకు సొల్యూషన్ పెట్టే తీరు: పైపు కొసను ఆకురాయితో రెండు మూడు ఎంఎం ఏటవాలుగా అరగదీయండి. పదునైన అంచు వదిలేస్తే అది సొల్యూషన్‌ను గీకి లోపలికి నెట్టేస్తుంది. సాకెట్‌లో పలుచగా ఒక పూత, పైపు మీద రెండు పూతలు వేయండి. దూర్చేటప్పుడు పావు చుట్టు తిప్పి, అరనిమిషం కదలకుండా పట్టుకోండి. కొత్త ఫిట్టింగయితే కొన్ని గంటలకే నీళ్లు వదిలేవాళ్లున్నారు, పాతదానికి 24 గంటలు ఆగండి. అనంతపురం, కర్నూలు వైపు ఎండాకాలం మధ్యాహ్నం పూత పెట్టి పైపు ఎత్తేలోపే పొర కడుతుంది. పొద్దున్నే గానీ, పైపును నీడలో చల్లబరిచాక గానీ చేయాలి. డబ్బాలో సొల్యూషన్ జున్నులా గడ్డకట్టి ఉంటే పారేయండి, థిన్నరు కలిపి పలుచన చేయకూడదు.

సమస్య: ఫిట్టింగు రంగు మారింది, మూతి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది

వేడి మించింది. గోధుమరంగు తిరిగిన చోట ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది, ఇవాళ పట్టినా మోటారు ఆగినప్పుడు వచ్చే ఎదురుదెబ్బకు చిట్లుతుంది. దాన్ని పారేయాలి. రంగు మారకుండా ఆకారం మాత్రమే కాస్త చెడితే, సలసల కాగే నీళ్లలో నిమిషం ముంచి, పైపు ముక్క దూర్చి చల్లారనివ్వండి. గుండ్రం తిరిగి వస్తే గోరు పరీక్ష చేసి వాడొచ్చు.

సమస్య: ఒలిచిన వాల్వు హ్యాండిల్ బిగుసుకుపోయింది

వేడికి వాల్వు లోపల బాల్ ఆనే సీటు కదిలింది, లేదంటే అతికించేటప్పుడు ఎక్కువైన సొల్యూషన్ కారి బాల్‌కు అంటుకుంది. మొదటిదానికి మందు లేదు. వాల్వులను వేడి పెట్టకుండా గాటు పద్ధతిలోనే ఒలవమని పైన చెప్పింది ఇందుకే. రెండోది రాకుండా వాల్వు పూర్తిగా తెరిచి, సాకెట్‌లో పూత పలుచగా వేసి, పైపు మీదే ఎక్కువ పెట్టాలి. యూనియన్ ఉన్న వాల్వులకు ఈ గొడవే లేదు, రెండు నట్లు విప్పి మధ్యభాగం తీసి పక్కన పెట్టుకుని, మిగిలిన కొసలను తీరిగ్గా ఒలుచుకోవచ్చు.

సమస్య: రెండు వైపులా పైపు మిగిలింది, కప్లింగు వేద్దామంటే లైను కదలదు

రెండు కొసలూ భూమిలో గానీ గోడలో గానీ బిగిసి ఉన్నాయి, ఎడం చేసి దూర్చే వీల్లేదు. మామూలు కప్లింగు మధ్యలో లోపల సన్న గట్టు ఉంటుంది. ఆకురాయితో ఆ గట్టును అరగదీస్తే కప్లింగు మొత్తం ఒక పైపు మీదికి జరుగుతుంది. రెండు కొసలూ ఎదురెదురుగా వచ్చాక సొల్యూషన్ పెట్టి వెనక్కి జరపాలి. కానీ సాకెట్లు మధ్యకు పోనుపోను బిగువు కాబట్టి ఇది చిన్న సైజుల్లోనే సాధ్యం. 63 ఎంఎం దాటితే యూనియన్ వేయడమే మేలు, తర్వాతిసారి కోసే పనే ఉండదు.

గోడలో పూడ్చే లైన్లకు, గీజరు వేడినీటి లైనుకు, బోరు మోటారు దగ్గరి డెలివరీ పైపుకు ఒలిచిన ఫిట్టింగులు వేయొద్దు. అక్కడ కారితే బాగుచేసే ఖర్చు మిగిల్చినదానికి ఎన్నో రెట్లుంటుంది.

అసలు ఒలిచే పనే రాకుండా ఎక్కడ కోయాలి

పొలం పైపుల సాకెట్ లోతుకు ఒక లెక్క ఉంది: బయటి కొలతలో సగం, దానికి 6 ఎంఎం కలపాలి. 32 ఎంఎం పైపుకు 22, 63 ఎంఎంకు 37.5, 90 ఎంఎంకు 51. వాల్వుకు అంటుకుని ఇంతకన్నా ఎక్కువ పైపు మిగిలితే చాలు, ఒలవకుండా కప్లింగు వేసి మళ్లీ వాడొచ్చు. అందుకని కోసేటప్పుడు వాల్వు పక్కన కాకుండా, దాని అవతలి ఎల్బోను ఆనుకుని కోయండి. చవక ఎల్బో పోతుంది, ఖరీదైన వాల్వు తోకతో సహా మిగులుతుంది.

కొత్తగా బిగించేటప్పుడే 63 ఎంఎం వాల్వుకు అటూ ఇటూ 150 ఎంఎం పైపు కనబడేలా వదిలితే ఇంకా మంచిది. కోసిన ప్రతిసారీ సుమారు 38 ఎంఎం కొత్త కప్లింగులోకి పోతుంది. 150 కాస్తా 112, తర్వాత 74, తర్వాత 36 అవుతుంది. మూడుసార్లు మార్చాక మిగిలే 36 సాకెట్ లోతుకు చాలదు, ఉలి అవసరం అప్పుడే వస్తుంది.