న్యూజెర్సీలో పాతకాలపు ఇటాలియన్ విందుకు వెళ్లే ముందు జాగ్రత్తలు

డిసెంబరు విందులకు పేటలోని పాత ఇటాలియన్ రెస్టారెంటులో టేబుల్ బుక్ చేసుకునేవారు ఇవి చూసుకోవాలి.

• వెయిటర్ నోటితో చెప్పే స్పెషల్స్ ధర ముందే అడగండి. మెనూలో లేని ఆ చేప, దూడమాంసం వంటకాలతోనే బిల్లు అమాంతం పెరుగుతుంది. అడగడంలో నామోషీ ఏమీ లేదు.

• శాకాహారులు మినెస్ట్రోనె సూపును మాంసం ఉడికించిన నీటితో కాచారేమో, సీజర్ సలాడ్‌లో ఆంకోవీ చేప కలిపారేమో కనుక్కోవాలి. అసలైన పార్మిజానో చీజ్‌ను దూడ కడుపులోంచి తీసిన, పాలను గడ్డకట్టించే రెన్నెట్ అనే పదార్థంతో చేస్తారు కనుక, వెయిటర్ తురుము పట్టకముందే వద్దనాలి.

• మద్యం లైసెన్సు లేని చోట సాధారణంగా సొంత వైన్ తెచ్చుకోనిస్తారు. ముందే ఫోన్ చేసి అడిగితే ఖర్చు బాగా తగ్గుతుంది.

• పెద్ద బృందాల బిల్లులో 6.625 శాతం పన్నుతోపాటు టిప్ కూడా కలిపేసి ఉండవచ్చు. చూడకుండా మళ్లీ ఇవ్వకండి.