జే ప్రోగ్రామింగ్ భాషలో పెద్ద సంఖ్యలు అంకె పోకుండా లెక్కించడం

జే‌లో !30 (1 నుంచి 30 వరకు సంఖ్యల లబ్ధం) అని కొడితే 2.65253, పక్కన ఘాతం 32 వస్తుంది. మిగతా అంకెలు కావాలంటే 30 వెనకే, ఖాళీ వదలకుండా, చిన్న ఎక్స్ అక్షరం తగిలించండి: 265252859812191058636308480000000 పూర్తిగా వస్తుంది.

ఎక్స్ మొదట్లోనే పెట్టాలి. ముందు ఉజ్జాయింపు దశాంశ సంఖ్య, అంటే ఫ్లోట్‌గా లెక్కించి తర్వాత మారిస్తే, సుమారు 16 అంకెల తర్వాతవి అప్పటికే పోయి ఉంటాయి. అవి తిరిగి రావు. 1 2 3 వరుసలో ఒక్కదానికి తగిలించినా చాలు, వరుసంతా మారుతుంది. కానీ అందులో 0.5 కలిస్తే మొత్తం మళ్లీ ఫ్లోట్ అయిపోతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సగాన్ని 1, ఆర్ అక్షరం, 2 కలిపి భిన్నంగా రాయండి.

వర్గమూలం దగ్గరా జాగ్రత్త: %: ఒక్కటే వాడితే 2కి ఫ్లోటే వస్తుంది. <.@%: జంటను (వర్గమూలం తీసి పూర్ణాంక భాగాన్నే ఉంచుతుంది) 2*10^40 మీద వాడండి (40కి ఎక్స్ ఉండాలి). 141421356237309504880 వస్తుంది, అంటే రెండు వర్గమూలానికి 20 దశాంశ స్థానాలు.

చివరి అంకెలే కావాలంటే పెద్ద ఘాతాన్ని అసలు కట్టొద్దు. 2 (1000&|@^) 1000 నేరుగా 2^1000 చివరి మూడు అంకెలు, 376, ఇస్తుంది.