తాత కొక్కేనికి గుచ్చిన ఉత్తరాలు: విప్పే ముందు ఏం చేయాలి

పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే సందుగలో ఉత్తరాల కట్ట దొరికిందనుకోండి, ఎవరైనా చేసే మొదటి పని మధ్యలోంచి ఒకటి లాగి చదవడమే. దయచేసి ఆ పని చేయకండి. హనుమకొండలో మా ఇంట్లో మేం చేసింది అదే, దాన్ని సరిదిద్దడానికి నాకు రెండు వేసవి సెలవులు పట్టాయి.

మా అమ్మ వాళ్ల నాన్న పద్య నాటకాలు ఆడేవాడు. ఎక్కువగా ఆడవేషాలు, అందులోనూ చంద్రమతి. తనకొచ్చిన కార్డులు, కవర్లు అన్నీ ఒక ఇనుప కొక్కేనికి గుచ్చి దర్వాజ పక్కన వేలాడదీసేవాడు, మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది అలాంటిది. కొక్కెం అంటే ఉత్తరాలు వేలాడే తీగ మాత్రమే కాదు, అదే తేదీల వరుస: అన్నిటికంటే కింద ఉన్నది మొదట వచ్చింది, పైన ఉన్నది చివర వచ్చింది. మా మామ ఆ వరుస చూసుకోకుండా అన్నిటినీ ఊడదీసి, సైజుల వారీగా పేర్చి, రబ్బరు బ్యాండు వేశాడు. ప్రేమతోనే చేశాడు పాపం.

కాబట్టి ముందు ఫోటో తీయండి, ఉన్నది ఉన్నట్టుగా, కొక్కెంతో సహా. తర్వాత ఒక్కొక్కటీ తీస్తూ మెత్తటి పెన్సిల్‌తో వెనక మూలన నంబరు వేయండి, పెన్ను అసలు వాడొద్దు. తుప్పు పట్టిన గుండుసూదులుంటే లాగకుండా మెల్లగా వంచి తీయాలి. చేతులు కడుక్కుని, బాగా ఆరిన తర్వాతే ముట్టుకోండి. ఎందుకంటే ఆ రోజుల్లో చాలామంది కాపీయింగ్ పెన్సిల్‌తో రాసేవారు, చూడ్డానికి మామూలు పెన్సిల్‌లాగే ఉంటుంది గానీ తడి తగిలిందా, ఊదా రంగుకి మారి పాకిపోతుంది. ఒక కార్డు మీద ఇప్పుడు నా బొటనవేలి ముద్ర ఊదారంగులో శాశ్వతంగా ఉంది. లామినేషన్ చేయిస్తే భద్రంగా ఉంటుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, మళ్లీ విప్పలేరు. సెల్లోటేపు కూడా అంతే.

ఇక తేదీలు. ఇదే అసలు తలనొప్పి, నాకు అన్నిటికంటే ఇష్టమైన పని కూడా. 1948 కంటే ముందు మన దగ్గర రాసిన ఉత్తరాల్లో ఫసలీ సంవత్సరం, అంటే నిజాం సర్కారు వాడిన క్యాలెండరు లెక్క, కనిపిస్తుంది. ఫసలీ ఏడాది అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలవుతుంది, అందుకని ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590 కలపాలి, జనవరి నుంచి 591. మా దగ్గర ఒక కార్డు మీద "ఖుర్దాద్ 1355" అని ఉంది, అంటే 1946 ఏప్రిల్ ప్రాంతం. కొందరు తెలుగు సంవత్సరం పేరు మాత్రమే రాస్తారు. వికృతి అంటే 1950-51, మళ్లీ 2010-11 కూడా వికృతే, కాబట్టి అరవై ఏళ్ల తేడాని కాగితం, స్టాంపు చూసి తేల్చుకోవాలి. నిజాం రాజ్యానికి సొంత తపాలా, సొంత స్టాంపులు ఉండేవి, 1950లో అది భారత తపాలాలో కలిసిపోయింది. అందుకే అడ్రసు ఉన్న వైపు, పోస్టు ముద్ర కూడా ఫోటో తీయాలి. కవరు చిరిగిందని పారేశారో, తేదీ పోయినట్టే.

ఈ పద్ధతంతా నేను మొదట నేర్చుకున్నది మన ఉత్తరాల మీద కాదు. ఎం.ఏ.లో ఇంగ్లీషు చదివేటప్పుడు విక్టోరియా కాలం నాటి నటీనటుల ఉత్తరాల పిచ్చి పట్టింది. లండన్‌లో లైసియం థియేటర్‌ని 1878 నుంచి నడిపిన హెన్రీ ఇర్వింగ్ ఉన్నాడు కదా, 1895లో నైట్ బిరుదు అందుకున్న మొదటి నటుడు, ఆయన చేతిరాత చదవడం ఎవరి తరమూ కాదని పేరు. ఆయన తరఫున బోలెడు ఉత్తరాలు రాసిపెట్టింది మేనేజరు బ్రామ్ స్టోకర్, డ్రాక్యులా నవల రాసినాయనే. అంటే ఉత్తరం కింద పేరు ఎవరిదన్నది కాదు, రాసిన చెయ్యి ఎవరిది, మాట ఎవరిది అని చూడాలి. మన నాటక సమాజాల్లో ఇది ఇంకా ఎక్కువ. పద్యం పాడితే ఊరంతా కదిలిపోయే నటుడికి సంతకం మాత్రమే వచ్చి ఉండొచ్చు, ఉత్తరం హార్మోనియం ఆయనో, ఊరి పంతులో రాసిపెట్టేవారు. తాతకు ఒకే మనిషి పేరుతో వచ్చిన కార్డుల్లో మూడు రకాల చేతిరాతలు ఉన్నాయి. రాత మారిన చోటల్లా పక్క కాగితం మీద గుర్తు పెట్టుకోండి.

చదవడం ఇప్పుడు మొదలుపెట్టండి, అదీ పొగడ్తలతో కాదు. "కాటి సీనుకు మూడు వన్స్ మోర్లు" అని ప్రతి నటుడూ రాస్తాడు, నమ్మినా నమ్మకపోయినా పోయేదేం లేదు. డబ్బు, ప్రయాణం, గొంతు, ఈ మూడు మాటలు ఎక్కడొస్తే అక్కడ ఆగండి. జగిత్యాల నుంచి తాత మా అమ్మమ్మకు రాసిన కార్డులో ఐదు లైన్లు నాటకం ఎంత బాగా జరిగిందో ఉంది. చివర అంచు వెంబడి, కార్డు తిప్పితేగాని కనిపించని చోట, "గొంతు లేవడం లేదు, మిరియాల పొడి పంపు, అక్క చేతికియ్యకు" అని ఉంది. ఆ అంచు లైను లేకపోతే నాకు ఆ కార్డు గురించి ఏమీ తెలిసేది కాదు. అక్క చేతికి ఎందుకియ్యొద్దన్నాడో మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి, కొక్కెం మీద ఉన్నవి ఆయనకు వచ్చినవే, ఆయన రాసినవి కావు. రెండో సగం ఇంకెవరింట్లోనో ఉంటుంది. ఇర్వింగ్ పక్కన నటించిన ఎలెన్ టెర్రీ, నాటక రచయిత బెర్నార్డ్ షా 1890లలో ఏళ్ల తరబడి ఒకరికొకరు రాసుకున్నారు, కలుసుకోకుండానే. ఇద్దరివీ మిగిలాయి కాబట్టే ఇవాళ అది సంభాషణలా చదువుకోగలుగుతున్నాం. మా ఇంట్లో అమ్మమ్మ చీరల మడతల్లో దాచినవి దొరికాయి, సమాజం వాళ్లకు తాత రాసినవి ఇంకా దొరకలేదు. వెళ్లి అడగండి, ముఖ్యంగా హార్మోనియం, తబలా వాయించినవాళ్ల ఇళ్లలో. ఫోన్లో అడిగితే లేవంటారు, చాయ్ తాగేదాకా కూర్చుంటే అటక దిగుతాయి.

చివరగా, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మామ ఒక ఉత్తరం పెట్టాడు, అందులో ఇంకొకరి అప్పు సంగతి ఉంది, పెద్దత్తమ్మ రెండు నెలలు మాట్లాడలేదు. టెర్రీ 1928లో పోయాక ఆ ఉత్తరాలు 1931లో పుస్తకంగా వచ్చాయి, కొడుకు గోర్డన్ క్రెయిగ్‌కు అది అసలు నచ్చలేదు, కూతురు ఈడిత్ మాత్రం వేయించాలనే అంది. గొడవ కొత్తదేం కాదు. చట్టం ప్రకారం కాగితం అందుకున్నవాళ్లది, మాటల మీద హక్కు రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వారసులది. అచ్చు వేయాలంటే వాళ్లను అడగాలి. బతికున్నవాళ్ల పరువుకు సంబంధించినవి వేరే కవర్లో పెట్టి, ఎవరిని అడగాలో దాని మీద పెన్సిల్‌తో రాసి పెట్టండి. మా దాంట్లో అలాంటివి నాలుగున్నాయి, పెద్దత్తమ్మ ఇప్పటిదాకా ఒకటి తెరవనిచ్చింది.